వంతెన సంగతి వరద చెప్పకముందే మీరు చెప్పండి

రైల్వే బోర్డు పెద్దలకు, దక్షిణ రైల్వే జనరల్ మేనేజర్ గారికి, చెన్నై డివిజన్ ఇంజనీరింగ్ అధికారులకు నమస్కారాలతో,

పెరంబూరు, వ్యాసార్‌పాడి, కొరుక్కుపేట, తండయార్‌పేట వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు వైపు చుట్టాలు లేని ఇల్లు అరుదు. పెళ్లయినా, చావయినా, పొలం కౌలు డబ్బు తెచ్చుకోవాలన్నా మాకున్నది ఈ ఉత్తరపు లైనే. పొద్దున మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్ కోసం నిలబడితే చుట్టూ సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకూ, తడ దగ్గర శ్రీసిటీకీ వెళ్లే పిల్లలు అటు వెళ్తుంటే, చెన్నై ఆస్పత్రుల్లో చూపించుకోవడానికి నెల్లూరు జిల్లా పేషెంట్లు ఇటు దిగుతుంటారు. వీళ్లందరూ కొసస్థలై, ఆరణి, కాళంగి, స్వర్ణముఖి దాటాల్సిందే. నెల్లూరు ఇంకా అవతలైతే పెన్నా కూడా దాటాలి. ఈ లేఖ ఆ నదుల మీదున్న మీ వంతెనల గురించి.

మేం అడుగుతున్నది ఒక్కటే. చెన్నై–గూడూరు, చెన్నై–కాట్పాడి మార్గాల్లో ఏ వంతెన ఏ స్థితిలో ఉందో, దేన్ని మార్చాలని మీరు ఇప్పటికే నిర్ణయించుకున్నారో, ఎప్పటికల్లా మారుస్తారో ప్రయాణికులందరికీ కనబడేలా ప్రకటించండి. ఈ వివరాలు మీ ఆఫీసుల్లో ఉన్నాయి. అవి మాకు కూడా తెలియాలి.

2021 చివర్లో జరిగిన రెండు సంగతులు గుర్తు చేస్తాను. ఆ నవంబర్‌లో పెన్నాకు పెద్ద వరద వచ్చింది. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర నీళ్లు పట్టాల మీదుగా పారి, కట్ట కోసుకుపోయింది. చెన్నై–విజయవాడ రైళ్లు ఎన్నో రద్దయ్యాయి, కొన్నిటిని దారి మళ్లించారు. కోవూరు దగ్గర హైవే కూడా తెగడంతో అటు రోడ్డూ లేదు, ఇటు రైలూ లేదు. ఆ తర్వాతి నెలలో, సరిగ్గా క్రిస్మస్ ముందు, ముకుందరాయపురం–తిరువలం మధ్య పొన్నై నది వంతెన దెబ్బతిన్నట్టు బయటపడింది. చిత్తూరు జిల్లా నుంచి దిగి పాలారులో కలిసే నది అది. వంతెన పాతది, బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. చెన్నై నుంచి బెంగళూరు, కోయంబత్తూరు వైపు వెళ్లే పగటి రైళ్లు పండగ రద్దీలో ఆగిపోయాయి. లోపం కనిపెట్టి సమయానికి రైళ్లు ఆపిన మీ సిబ్బందికి చేతులెత్తి దండం పెట్టాలి. ఆ రోజు వాళ్లు చూడకపోయి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడానికే భయమేస్తుంది. కానీ ఆ వంతెనకు అప్పటికే ఎంత వయసుందో, అంతకుముందు తనిఖీల్లో దాని గురించి ఏం రాశారో, దాన్ని మార్చే ఆలోచన ఎన్నాళ్లుగా ఉందో దాని మీద రోజూ ప్రయాణించిన వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

వంతెన విరిగితే ఏమవుతుందో తెలుగు నేలకూ తమిళ నేలకూ కలిపి ఒకే ఏడాది అనుభవమైంది. 1956 సెప్టెంబర్ మొదట్లో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వరదకు వంతెన కూలి, రైలు పడిపోయి వందకు పైగా జనం చనిపోయారు. లాల్ బహదూర్ శాస్త్రి రైల్వే మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కుండా, నవంబర్ 23 తెల్లవారుజామున, మద్రాసు నుంచి తూత్తుక్కుడి వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ అరియలూరు దగ్గర మరుదైయారులో పడింది. అక్కడా కారణం వరదే, దెబ్బతిన్నది వంతెనే. ఈసారి నూట నలభై మందికి పైగా పోయారు. శాస్త్రి గారు మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. ఆ రాజీనామా గురించి మనం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. ఎగ్మోర్‌లో ఆ రైలెక్కిన వాళ్ల సంగతి మాత్రం ఎవరూ తలవరు. ముందు రోజు రాత్రి ఆ వంతెన గురించి వాళ్లకు ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే ఎంతమంది ఎక్కకుండా ఆగేవాళ్లో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇది పాత కాలపు కథ అని తీసేయడానికి లేదు. 2001 జూన్ 22న మంగళూరు నుంచి మన చెన్నైకి వస్తున్న మెయిల్ కేరళలో కడలుండి నది వంతెన మీద పట్టాలు తప్పి, పెట్టెలు నదిలో పడ్డాయి. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ వంతెన కూడా బ్రిటిష్ కాలం నాటిదే. 2005 అక్టోబర్ 29న రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న డెల్టా ప్యాసింజర్ వలిగొండ దగ్గర పడిపోయింది. అక్కడున్నది పేరున్న నది కూడా కాదు. ఎగువన చెరువు తెగి, ఆ నీటి ఉధృతికి ఒక చిన్న వంతెన కొట్టుకుపోయింది. అక్కడా వంద మందికి పైగా పోయారు.

మీ వంతెనల మాన్యువల్ చదివాను. అందులో రాసిన పద్ధతి నిజంగా మంచిది. ప్రతి వంతెననూ ఏటా వర్షాలకు ముందు, వర్షాల తర్వాత తనిఖీ చేయాలి. పునాది, స్తంభాలు, బేరింగులు, గర్డర్లు, రక్షణ కట్టడాలు ఇలా ఒక్కో భాగానికి ఒక్కో అంకె వేయాలి. 1 అంటే వెంటనే తిరిగి కట్టాలి లేదా పటిష్ఠం చేయాలి. 2 అంటే అదే పని ప్రణాళిక ప్రకారం చేయాలి. 3 అంటే పెద్ద మరమ్మతులు కావాలి. 4 అంటే మామూలు నిర్వహణ చాలు. 5 అంటే బాగుంది. అన్ని భాగాల్లోకీ ఏ అంకె తక్కువో అదే వంతెన మొత్తానికి అంకె. ఇంత సులువైన లెక్క ఇంకెక్కడా ఉండదు. పదో తరగతి చదివిన పిల్లలకు కూడా అర్థమవుతుంది. చెన్నై నుంచి గూడూరు దాకా వంతెన నంబరు, నది లేదా వాగు పేరు, కట్టిన సంవత్సరం, ఈ ఏడాది వచ్చిన అంకె, మార్చాల్సినదైతే ఆ పని ఏ దశలో ఉందో ఒక పట్టికగా వేయడానికి కొత్త సర్వే అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఉన్న రిజిస్టర్లు తెరిస్తే చాలు.

వయసు చూసి వంతెన బలం చెప్పలేమని మీ ఇంజనీర్లు అంటారు. పార్లమెంటులో కూడా రైల్వే శాఖ ఇదే జవాబు ఇస్తూ వస్తోంది. ఆ మాట సబబే, నేను కాదనను. దేశంలో వందేళ్లు దాటిన రైల్వే వంతెనలు ముప్పై వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా రాతి కమానులు ఇప్పటికీ గట్టిగా నిలబడి ఉన్నాయి. అన్నీ కూల్చేయండి అని అడిగేంత తెలివితక్కువ వాళ్లం కాదు మేం. అయితే వయసు కాదు స్థితి ముఖ్యం అన్నప్పుడు ఆ స్థితి ఏమిటో చెప్పాలి కదా. వయసు చెప్తే అపార్థం చేసుకుంటారని, స్థితి చెప్తే భయపడతారని రెండూ దాచిపెడితే ప్రయాణికుడికి మిగిలేది ఏమిటి?

పైగా వంతెన మారకపోయినా దాని మీద పడే బరువు మారింది. 1899లో విజయవాడ–మద్రాసు లైను కలిసినప్పుడు నడిచిన రైళ్లు వేరు, ఇవాళ బొగ్గు నింపుకొని పోతున్న గూడ్సు రైళ్లు వేరు. వంతెనలకు మీరు పెట్టుకున్న లోడింగ్ ప్రమాణాలే 1926 నుంచి 2008 వరకు ఎన్నిసార్లు పెరిగాయో మీకు తెలుసు. ఇవాళ్టి ప్రమాణం ఒక్కో ఇరుసు మీద 25 టన్నులు. 2022లో చెన్నై–గూడూరు మధ్య గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. వేగం పెరిగితే మాకూ సంతోషమే, నెల్లూరు తొందరగా చేరతాం. వేగం పెంచిన రోజు పత్రికా ప్రకటన ఇచ్చారు. వంతెనల్లో వేటిని బలపరిచి ఆ వేగానికి తెచ్చారో కూడా అదే ప్రకటనలో ఉండాల్సింది.

వివరాలు బయటపెడితే జనం టెన్షన్ పడతారు, రైలెక్కడం మానేస్తారు అని ఎవరైనా అనొచ్చు. దీనికి పాంబన్ వంతెనే జవాబు. నది కాదు సముద్రమే అయినా ఇక్కడ చెప్పుకోవాల్సిన ఉదాహరణ. 1914లో ప్రారంభమైన పాత పాంబన్ వంతెనను 1964 డిసెంబర్ తుపాను ధ్వంసం చేస్తే, రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టింది. చివరికి అది అలిసిపోయిందని మీరే ఒప్పుకొని 2022 డిసెంబర్‌లో దాని మీద రైళ్లు పూర్తిగా ఆపేశారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. మధ్యలో రెండేళ్లకు పైగా రామేశ్వరం వెళ్లే యాత్రికులు, మన తెలుగు వాళ్లు కూడా, మండపంలో దిగి బస్సులూ ఆటోలూ పట్టుకున్నారు. పెద్దవాళ్లను, సామాన్లను పట్టుకొని అలా దిగి ఎక్కడం ఇబ్బందే. అయినా వంతెన పాడైంది, అందుకే ఆపారు, కొత్తది కడుతున్నారు అని అందరికీ తెలుసు. తెలిసింది కాబట్టి జనం ఓర్చుకున్నారు.

అదే వంతెన విషయంలో ఇంకో మంచి కూడా జరిగింది. కొత్త వంతెనను తెరవకముందు రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి, 2024 నవంబర్‌లో తన నివేదికలో కొన్ని లోపాలు రాశారు. ఆ నివేదిక బయటికి వచ్చింది, పేపర్లలో పడింది. రైల్వే బోర్డు కమిటీ వేసింది. భద్రతా కమిషనర్ల వ్యవస్థ మీ శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉండటంలోని అర్థం అదే అనుకుంటాను. రైలు నడిపే వాళ్లు కాకుండా ఇంకొకరు చూసి, చూసింది చెప్పాలి. లోపాలు బయటపడ్డాయని జనం రామేశ్వరం వెళ్లడం మానలేదు. సరిదిద్దే వాళ్లున్నారన్న నమ్మకమే పెరిగింది. ఒక కొత్త వంతెనకు దక్కిన ఈ పారదర్శకత, రోజూ వేలమందిని మోస్తున్న పాత వంతెనలకు ఎందుకు దక్కకూడదు?

పెద్ద నదుల మీది వంతెనలకు కనీసం పేరుంటుంది, ఎవరో ఒకరు ఫొటో తీస్తుంటారు. నాకు అసలు బెంగ చిన్న వాటి గురించి. తిరువళ్లూరు జిల్లా నుంచి నెల్లూరు దాకా ఈ లైను పక్కన ఎన్ని చెరువులున్నాయో కిటికీ పక్కన కూర్చున్న ఎవరైనా చెప్తారు. వర్షాకాలంలో అవి నిండి అలుగు పారితే ఆ నీళ్లన్నీ పట్టాల కింద ఉన్న తూముల్లోంచే పోవాలి. ఇలాంటి చెరువులకు మీ శాఖలో వేరే జాబితా ఉందని, రాష్ట్ర నీటిపారుదల శాఖతో కలిసి వాటి కట్టలను తనిఖీ చేయాలన్న నియమం ఉందని నాకు తెలుసు. వలిగొండ తర్వాత ఆ నియమాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఈ లైను రెండు రాష్ట్రాల్లో నడుస్తుంది. చెరువు ఒక రాష్ట్రానిది, కట్ట ఇంకో శాఖది, తూము రైల్వేది. ఉమ్మడి తనిఖీ ఈ ఏడాది ఏ తేదీన జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఏ చెరువు కట్ట బలహీనంగా ఉందని రాశారు, ఇవి కూడా ఆ పట్టికలో ఉండాలి. చెరువు కింద ఊళ్ల వాళ్లకు ఆ కాగితం అందితే అధికారుల కంటే ముందు వాళ్లే గండి పడకుండా కాపలా కాస్తారు.

చెన్నై నగరంలోనే చూడండి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానప్పుడు బేసిన్ బ్రిడ్జి–వ్యాసార్‌పాడి మధ్య వంతెన దగ్గర నీళ్లు ప్రమాద మట్టం దాటాయని రైళ్లు ఆపారు. 2024 అక్టోబర్ వానలకు మళ్లీ అక్కడే అదే సమస్య. రైళ్లు ఆపడం సరైన పనే. ఏటా ఈశాన్య రుతుపవనాలు వచ్చే ఊళ్లో, సెంట్రల్ స్టేషన్ గుమ్మం ముందే ఉన్న వంతెన ఒకే కారణంతో రెండేళ్లలో రెండుసార్లు దారి మూసిందంటే, దాన్ని ఎత్తు పెంచి మార్చడమా, నీళ్లు పోయే దారి వెడల్పు చేయడమా అన్న నిర్ణయం బహిరంగంగా జరగాలి. కార్పొరేషన్‌తో కలిసి చేయాల్సిన పనైతే అదీ చెప్పండి. మేం వాళ్లను కూడా అడుగుతాం.

ఇసుక గురించి చెప్పకుండా ఈ లేఖ పూర్తవదు. పాలారులోనూ, స్వర్ణముఖిలోనూ, పెన్నాలోనూ ఇసుక ఎలా పోతోందో ఆ నదుల ఒడ్డున ఉండే వాళ్లను అడగండి. వంతెన స్తంభం చూడటానికి గట్టిగానే ఉంటుంది. కింద నదీగర్భం దిగిపోతే పునాది బయటపడుతుంది, వరద వచ్చినప్పుడు నీళ్లు ఆ అడుగునే కోస్తాయి. 2018 ఆగస్టులో తిరుచ్చిలో కొల్లిడం మీద పాత రోడ్డు వంతెన స్తంభాలు వరదలో ఒరిగి పడిపోయాయి. అదృష్టం కొద్దీ అప్పటికే దాని మీద వాహనాలు ఆపేసి ఉన్నారు. రైల్వే వంతెనల దగ్గర ఇసుక తవ్వకం గురించి మీరు కలెక్టర్లకు ఎన్ని ఉత్తరాలు రాశారో, వాటికి ఏం జవాబు వచ్చిందో ప్రకటించండి. రెవెన్యూ వాళ్లు కదలకపోతే ఆ సంగతి జనానికి తెలియాలి. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు, మీకు బలం ఇవ్వాలనే అడుగుతున్నాను.

ఇక మార్చాల్సిన వంతెనలను మార్చేటప్పుడు మీరు తీసుకునే బ్లాకుల సంగతి. గర్డర్లు మార్చడానికి కొన్ని గంటలు లైను మూసేయక తప్పదు. పక్కన కొత్త వంతెన కట్టినా చివర్లో పట్టాలు కలిపే రోజు రైళ్లు ఆగుతాయి. ఎవరూ దీనికి అడ్డు చెప్పరు. కానీ ఆ సమాచారం ముందు రోజు సాయంత్రం ఇంగ్లీషులో ఒక ట్వీటుగా వస్తే గుమ్మిడిపూండిలో షిఫ్టు పనికి వెళ్లే అమ్మాయికి ఎలా తెలుస్తుంది? ఒక రోజు వెళ్లకపోతే ఆ రోజు జీతం పోతుంది. డయాలిసిస్‌కో, కీమోకో తేదీ ఇచ్చిన పేషెంటు నాయుడుపేట నుంచి బస్సులో రావాలంటే ఎంత కష్టమో మీకు చెప్పాల్సిన పని లేదు. బ్లాకులు ముందే ఖరారవుతాయి కదా. వాటిని సెంట్రల్, పెరంబూరు, గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట స్టేషన్లలో తమిళంతో పాటు తెలుగులోనూ బోర్డు రాసి పెట్టించండి, అనౌన్స్‌మెంటులోనూ చెప్పించండి. ఆ రోజుకు రెండు రాష్ట్రాల ఆర్టీసీలతో మాట్లాడి బస్సులు వేయించండి. సూళ్లూరుపేట, నాయుడుపేట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా మీ డివిజన్ కిందే ఉన్నాయి. అక్కడి వాళ్లు మీ ప్రయాణికులే.

సమయానికి చేసిన పని ఎలా ఉంటుందో చూడాలంటే రాజమండ్రి దగ్గర గోదావరిని చూడండి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 56 స్పాన్లతో, దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున హౌరా–మద్రాసు లైనును మోసింది. 1974లో రోడ్డు, రైలు రెండూ వెళ్లే వంతెన పక్కన వచ్చింది. 1991లో మూడోది, కాంక్రీటు ఆర్చీల వంతెన మొదలుపెట్టారు. అది 1997లో రైళ్లను అందుకున్నాక హేవలాక్‌కు విశ్రాంతి ఇచ్చారు. ఎవరూ చనిపోకుండా, నది ఏమీ తీసుకుపోకుండా, తొంభై ఏడేళ్ల వంతెన స్థానంలో ఇంకొకటి వచ్చింది. పాత వంతెన ఇప్పటికీ నిలబడే ఉంది. రాజమండ్రి జనానికి దాని మీద ప్రేమ కూడా అలాగే ఉంది. ఇందుకు కావలసింది పదేళ్లు ముందుగా ఆలోచించడం, ఆ ఆలోచనకు డబ్బు కేటాయించడం. భద్రతా పనుల కోసమే 2017–18లో లక్ష కోట్ల రూపాయలతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అనే నిధి పెట్టారు. చెన్నై–గూడూరు, చెన్నై–కాట్పాడి వంతెనలకు అందులోంచి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది కూడా ఆ పట్టికలోనే ఒక గడిగా వేయొచ్చు.

అన్ని మార్గాలకూ ఒకేసారి కుదరదంటే మొదట చెన్నై–గూడూరుతో మొదలుపెట్టండి. అక్టోబర్ వానలకు ముందు మీరు ఎలాగూ తనిఖీ పూర్తి చేస్తారు. ఆ వివరాలతో పట్టిక తయారు చేసి తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో స్టేషన్లలో అతికించండి, మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. అందులో 1 లేదా 2 వచ్చిన వంతెన ఉంటే దాని ఎదురుగా కొత్తది ఎప్పటికి వస్తుందో, అప్పటిదాకా ఎంత వేగంతో రైళ్లు నడుపుతారో రాయండి. ఎక్కడ వేగం తగ్గించాలో చెప్తూ లోకో పైలట్‌కు కాషన్ ఆర్డర్ ఇస్తారు కదా, మాకూ అలాంటి మాట ఒకటి కావాలి. తెలుగులో రాయడానికి మనుషులు తక్కువైతే పెరంబూరులో మాలాంటి వాళ్లం చాలామందిమి ఉన్నాం, కబురు పెట్టండి, డబ్బు తీసుకోకుండా రాసిస్తాం.

ఇట్లు,
ఉత్తరపు లైను మీద ఆధారపడ్డ ఒక తెలుగు ప్రయాణికురాలు,
పెరంబూరు, చెన్నై